ఎర లోపల, ఎలుక బయట

సంగారెడ్డి నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు పటాన్‌చెరు దాటిందంటే రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం కనిపిస్తుంది. 1960 దశకంలో చెకొస్లవేకియా సాయంతో వెలసిన కర్మాగారమది. కర్మాగారం నిక్షేపంలా వున్నది గాని, సాయం చేసిన ఆ దేశమే యిప్పుడు లేదు; 1993లో రెండు ముక్కలయింది. ఆ గేటు చూసినప్పుడల్లా నాకు జ్ఞాపకం వచ్చేది యంత్రాలు కావు, ఆ దేశంలో ఒకప్పుడున్న ఒక అంగడి.

దాని పేరు టుజెక్స్. 1957లో సర్కారే పెట్టింది. మంచి కాఫీ, చాక్లెట్లు, స్కాచి విస్కీ, జీన్సు పంట్లాములు - బజారులో దొరకనివన్నీ అక్కడ దొరికేవి. తిరకాసల్లా ఒక్కటే. ఆ దేశపు డబ్బు కొరునా ఆ దేశపు అంగట్లోనే చెల్లదు! డాలరో, జర్మను మార్కో ఇచ్చి, ప్రత్యేకమైన చీట్లు తీసుకోవాలి. ఆ చీటీని జనం 'బోన్' అనేవారు. తెలుగు మాస్టర్ని గనక నాకు ఎలుకల బోనే తట్టింది. కాకపోతే ఈ బోనులో ఎర లోపల, ఎలుక బయట!

ఎందుకీ తంటా అంటారా? పడమటి దేశాల సరుకు కొనాలంటే సర్కారుకు డాలర్లు కావాలి. అంచేత పరదేశీయులకూ, పైదేశాల నుంచి చుట్టాలు డబ్బు పంపే స్వదేశీయులకూ తలుపులు తెరిచింది. చుట్టాలు లేనివాడు గుమ్మం దగ్గర తచ్చాడే దళారుల నుంచి దొంగచాటుగా చీట్లు కొనుక్కునేవాడు. 1980 దశకంలో ఒక్క బోనుకు అయిదు కొరునాల దాకా పోసేవారు. అందరూ సమానమని చాటిన దేశంలో, అంగడి గుమ్మం ముందే జనం రెండు తెగలయ్యారు: పైదేశంలో చుట్టమున్నవాడూ, లేనివాడూను.

దీనికంతకీ పెద్దన్న రష్యా. అక్కడ 1931లో మొదలై 1936 దాకా నడిచిన ఇలాంటి కొట్లను 'టోర్గ్‌సిన్' అన్నారు. విదేశీయులతో వ్యాపారమని దాని అర్థం. కొద్దికాలానికే బంగారం తెస్తే స్వదేశీయులకూ సరుకిస్తామన్నారు. 1932-33లో ఘోరమైన కరువొచ్చింది. ఇల్లాళ్ళు పెళ్ళి ఉంగరాలూ, మెడలోని సిలువలూ తూకం వేయించి రొట్టెల పిండి తెచ్చుకున్నారు. విదేశీయుల కోసమని పెట్టిన కొట్టు ఆకలిగొన్న స్వదేశీయుల మెడలు బోసి చేసింది. ఆ బంగారం పైదేశాలకు వెళ్ళి, కర్మాగారాలకు యంత్రాలై తిరిగి వచ్చింది.

ఇది చదివిన వారంలోనే మా కాలేజీలో ఫీజులు కట్టే రోజులొచ్చాయి. కొడుకు పక్కన నిలబడి రసీదు అందుకుంటున్న ఒక తల్లి మెడలో పసుపుతాడు తప్ప మరేమీ లేదు. గొలుసేమయిందని నేనడగలేదు; ఆవిడా చెప్పలేదు.

కాని ఒక్క తేడా వున్నది సుమండీ. తాకట్టు కొట్టుకు వెళ్ళిన గొలుసు ఏనాటికైనా విడిపించుకోవచ్చునన్న ఆశ వుంటుంది. టోర్గ్‌సిన్‌లో ఇచ్చిన ఉంగరం ఇచ్చినట్టే. పైగా, షావుకారు దగాచేస్తే సర్కారుతో మొరపెట్టుకోవచ్చు. ఆ సర్కారే తక్కెడ పట్టుకు కూర్చుంటే, పాపం, ఆ ఇల్లాలు ఎవరి గడప తొక్కాలి?