దిమ్మెలు పేర్చుటయు విద్యయే

ప్రతి సంవత్సరమును మన సంఘముల వార్షిక సంచికలలో ఒక విలాపము తప్పక కానవచ్చుచున్నది. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు ఇంట వినబడుచున్నను బిడ్డల వ్రాతలో కానరాదనియు, బడికి కన్నడమును ఉద్యోగమునకు ఇంగ్లీషును చాలుననుకొని తెలుగక్షరము నేర్చువారు తగ్గుచున్నారనియు దాని సారాంశము. విలాపము సత్యమే. కాని ఆ బిడ్డలే తమంతట తాము తెలుగున ఒక పని చేయబూనినపుడు పెద్దలమగు మనము చూపుచున్న ఆదరణ యెట్టిది? ఈ ప్రశ్న వేయుటకే ఈ వ్యాసము.

ఇటీవల మన ప్రాంతమున ఒక సభవారిని కొందరు కళాశాల విద్యార్థులు శని, ఆదివారములకు హాలు అడిగిరి. గేమ్ జాము అను కార్యక్రమమునకై దిమ్మెలు పేర్చు వీడియో ఆట నొకదానిని తయారుచేయుట వారి సంకల్పము. ఆటలోని మాటలన్నియు తెలుగు లిపిలో నుండవలెనని వారి పట్టుదల. దానికి వచ్చిన జవాబు, హాలు సంస్కృతికి గలదు గాని ఆటలకు లేదని. పద్యపఠనమునకును ముగ్గులకును బహుమతు లిచ్చువారే ఈ జవాబిచ్చిరి. ఇది తప్పని మేము నిర్మొగమాటముగా చెప్పదలచితిమి.

మొట్టమొదట గేమ్ జామనగా నేమో తెలిసికొనవలెను. అది ఆడుట గాదు, ఆటను చేయుట. ఒక విషయము ప్రకటింపబడును. నిర్ణీతమైన గడువులో ఆ విషయముపై ఆటను కల్పించి, నడచునట్లు చేసి చూపవలెను. 2009 జనవరిలో ఆరంభమైన గ్లోబల్ గేమ్ జామునకు మొదట 48 గంటలు గడువుండెను. అంతకు ముందు 2005లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నలుగురు విద్యార్థులు, ఒక్కొక్క ఆటను ఒక్కరే ఏడు దినములలోపల ముగింపవలెనని నియమము పెట్టుకొనిరి. అందు కైల్ గాబ్లర్ చేసిన బంకముద్దల గోపురపు ఆటయే పెరిగి 2008లో ‘వరల్డ్ ఆఫ్ గూ’ అను పేర లోకమంతట ప్రసిద్ధికెక్కినది. వారముదినముల పని యని దానిని త్రోసివేసిన వారెవరును లేరు.

ఫోనులోని ఆటలు పిల్లలను పాడుచేయుచున్నవని పెద్దల మొదటి ఆక్షేపణ. పందెపు ఆటలవలన కొంపలు కూలినమాట నిజము. అందుచేతనే 2025లో మన పార్లమెంటు చట్టము చేసి సొమ్ముతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. కాని ఆ చట్టమే తక్కిన ఆటలను వేరుచేసి ప్రోత్సహింపదలచినది. సర్కారు చూడగలిగిన భేదమును మనము చూడలేకపోవుట యేమి న్యాయము?

ఇక దిమ్మెల ఆట చేయుటలోని చదువెంతయో చూతము. ఇటుకపై ఇటుక నిలుచునని మనకు కన్ను చెప్పును. కంప్యూటరునకు మనిషి చెప్పవలెను. ప్రతి దిమ్మెకును బరువెంత, రాపిడి యెంత, క్రిందపడిన ఎగురుట యెంత యని ముందుగా నిర్ణయింపవలెను. పిమ్మట సాధారణముగా సెకనునకు అరువది మారులు ప్రతి దిమ్మె స్థానమును లెక్కకట్టవలెను. ఒక దిమ్మెను సరిచేసిన ప్రక్కది చెదరును. దానిని సరిచేసిన మొదటిది కదలును. కావున ఆ లెక్కనే పలుమారులు తిరుగవేసి నిలుకడకు తేవలెను. తేలిక దిమ్మెపై మిక్కిలి బరువైనది పెట్టిన లెక్క తడబడి పేర్పు వణకును. కదలక నిలిచిన దిమ్మెలను లెక్కనుండి తప్పించి ‘నిద్రపుచ్చు’ ఉపాయము గూడ గలదు. ఈ లెక్కలకై ఎరిన్ క్యాటో వ్రాసి ఉచితముగా విడిచిన బాక్స్ టూడీ అను సాధనముపైననే 2009 నాటి ‘యాంగ్రీ బర్డ్స్’ ఆట నిలిచినది.

మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఉద్యోగకాలమంతయు లెడ్జర్లు కూడిన మాబోంట్లకు సయితము ఇందొక లెక్క అందుబాటులో నున్నది. సమానమైన నాలుగు పుస్తకములను మేజా అంచున దొంతిగా పెట్టుడు. పై పుస్తకమును దాని క్రిందిదానికంటె సగము, రెండవదానిని నాలుగవ వంతు, మూడవదానిని ఆరవ వంతు, నాలుగవదానిని మేజా అంచుకంటె ఎనిమిదవ వంతు ముందుకు జరుపవచ్చును. కూడిన 25/24 వచ్చును. అనగా పై పుస్తకము సంపూర్ణముగా మేజాను దాటి గాలిలో నుండియు పడదు. ఒక్కొక్కదానిని వెంట్రుకవాసి వెనుకకు పెట్టి ఎవరైనను చేసి చూడవచ్చును. భారకేంద్రము అను మాటను పరీక్షకు వల్లించినవారికంటె, దానితో గోపురము నిలిపినవారికి విద్య ఎక్కువ వచ్చినట్లే గదా!

ఇది మన సంస్కృతి గాదని రెండవ ఆక్షేపణ. మన వీధులలో ఏడుపెంకులాటగాను, కన్నడమున లగోరిగాను ఆడినది పేర్చుట గాక మరేమి? బంతితో దొంతి పడగొట్టి, ఎదుటి పక్షమువారి దెబ్బ తగులక మునుపే తిరిగి నిలుపుట గదా ఆ ఆట! చిక్కబళ్ళాపురము చెంత ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండము తెలుగునాటి యూరు. వారి ప్రతిష్ఠను నిలిపిన కన్నంబాడి కట్ట తన బరువుచేతనే నీటి తోపుడుకు ఓర్చి నిలిచిన రాతికట్టడము. చింతామణి తాలూకా కైవారమున యోగి నారేయణులు గాజులమ్మి జీవించుచునే తెలుగునను కన్నడమునను పాడిరి. చేతిపనికిని సంస్కృతికిని మధ్య ఈ గోడ కట్టినది మనమే.

ఆటతోపాటు భాషయు ప్రయాణము చేయును. ఆఫ్రికాలో పుట్టి పెరిగిన లెస్లీ స్కాట్ 1983లో లండనులో కొయ్యదిమ్మెల ఆటను బయటపెట్టి, ‘కట్టుము’ అను నర్థముగల స్వాహిలీ మాట ‘జెంగా’ను దానికి పేరు పెట్టెను. ఆ భాష యెరుగని కోట్లాది జనుల నోట నేడు ఆ మాట పలుకుచున్నది. ‘పేర్పు’ అను మన మాట కట్టి యోగ్యత లేదా?

అన్నిటికంటె ముఖ్యమైనది లిపి. మన లిపియే ఒక పేర్పు. అక్షరము క్రింద వత్తు, దాని ప్రక్కన మరొక వత్తు చేరిననే ‘స్త్రీ’ అగును, ‘రాష్ట్రము’ అగును. ఆటలు చేయు సాధనములు కొన్నింటిలో ఈ పేర్పు నిలువదు. వత్తులు విడిపోయి పొల్లులుగా వరుసలో నిలుచును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను మన అక్షర మొక్కటి సందేశముగా వచ్చినంతనే ఐఫోనులు స్తంభించెను. ఆపిల్ సంస్థవారు ఆ నెలలోనే దానిని దిద్దవలసివచ్చినది. గోడో అను ఉచిత సాధనము 2023లో వెలువడిన నాలుగవ కూర్పునుండి ఇట్టి లిపులను సరిగా కూర్చుచున్నది. అనగా దారి గలదు. నడచి చూచి, వత్తు ఎచట విరిగినదో చెప్పువారు కావలెను. తెలుగు చదువనేర్చిన బిడ్డలు గాక ఆ పని మరెవరు చేయుదురు? కన్నడ లిపికిని ఇదే కష్టము గనుక, మన బిడ్డలు చేయు దిద్దుబాటు ఇరుగుపొరుగులకును ఉపకరించును.

కావున మా కోరిక ఇది. వచ్చు సంవత్సరము వార్షికోత్సవమునకు ముందు రెండు పగళ్ళు, రెండు రాత్రులు హాలు తాళము విద్యార్థుల చేతికీయవలెను. కరెంటు, భోజనము సంఘము భరింపవలెను. ఆటలోని సూచనలు తెలుగు, కన్నడ లిపులు రెంటను ఉండవలెనను నియమము ఒక్కటి చాలును. తెలుగు చదివిన పెద్దలు వంతులవారీగా కూర్చుండి, తెరపై విరిగిన వత్తులను గుర్తించి వ్రాసి యీయవలెను. ముగిసిన ఆటలను పద్యపఠనము జరుగు వేదికమీదనే ప్రదర్శింపవలెను. ఇందుకగు ఖర్చు ఒక్క శాలువాల సన్మానమునకగు ఖర్చును మించదు. కార్యవర్గమువారు ఈ విషయమును తమ తదుపరి సమావేశపు అజెండాలో చేర్చి, అంగీకారమో నిరాకరణమో మినిట్సు పుస్తకమున వ్రాయింప ప్రార్థన.