చిన్న కారుకు పెద్ద చక్రాలు: సోకు గోరంత, చిక్కు కొండంత

పాత మారుతి 800 కారుకు కంపెనీ బిగించినవి 12 అంగుళాల చక్రాలు. సోకు కోసం కొందరు యువకులు వాటిని తీయించి పెద్దవి వేయిస్తున్నారు. ఫైబర్ బంపర్లూ తగిలిస్తున్నారు. కిందికి దిగిన బంపరు పల్లె రోడ్ల గోతుల్లో పగులుతుంది. మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదముంది. చక్రం చుట్టుకొలత నూటికి పది పెరిగితే, మీటరు 50 చూపేటప్పుడు కారు 55 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది.

కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ పేచీ రావచ్చు. బిగించిన మెకానిక్కుకు కూలి ముడుతుంది. బాధ్యత మాత్రం ఆర్.సి.లో పేరున్న వారిదే.