పంది మాకు హరామ్, చేను మీది

బోధన్ చెరుకు తోటల మీద అడవిపందులు పడ్డప్పుడు మా షికారీ మీకు భాయ్‌సాబ్. అటవీశాఖ కాయితం చేతికొచ్చాక రాత్రంతా గట్టు మీద కూచుంటాడు. తూటా తనది, నిద్ర తనది. కూలి అడగడు. వేటాడిన మాంసంలో రవ్వంత ముట్టడు, పంది మాకు హరామ్ గదా! ఇంతకన్నా ఉత్త చేతుల వేట ఎక్కడన్నా ఉందా?

తెల్లారి అదే తుపాకీ సంచి భుజానేసుకుని స్కూటర్ మీద వస్తుంటే మాత్రం చూపులు మారతాయి. దసరాకు మీ ఇంట్లో ఆయుధపూజ సంప్రదాయం. మా గోడకు తాతలనాటి భర్మారు వేలాడితే అనుమానం. దానికి లైసెన్సుంది. ఎలక్షన్లొస్తే ఠాణాలో జమచేసి రసీదు తెచ్చుకుంటాం.

హైదరాబాద్ షికారీ షఫత్ అలీఖాన్‌నే చూడండి. 2016లో బీహార్ మొకామాలో పంటలు మేసే నీల్‌గాయ్‌లను కాల్చమని పిలిచింది సర్కారే. 2018 నవంబరులో యవత్మాల్‌లో ఆయన కొడుకు తూటాకు అవని పులి చచ్చింది. ఆ కాల్చిన తీరు మీద ప్రశ్నలున్నాయి, మేమూ అడుగుతాం. కానీ పిలిపించిన మహారాష్ట్ర అటవీశాఖ కన్నా నవాబు పేరే ఎందుకంత మోగింది?

మళ్లీ పందులు పడ్డాయని కబురొస్తే వస్తాం. ఈసారి తెల్లారినాక ఊరి పొలిమేర దాకా మీరూ తోడు రండి.