ముద్ర సర్కారుది, పరిశోధన మరొకరిది

2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. ప్రాజెక్టు నడిపింది అమెరికాకు చెందిన పాత్ సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, గార్డసిల్ టీకా మెర్క్ కంపెనీది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భాగస్వాములు. ఇంతమంది ఉండగా, ప్రాజెక్టుకు వాడుకున్నది మాత్రం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ లోగో!

లోగోదేముంది అనుకోవచ్చు. కానీ కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాన్ని అక్షరం ముక్క రానివారు కూడా దశాబ్దాలుగా గుర్తుపడుతున్నారు. సర్కారు ముద్ర ఉంటే అది సర్కారు సూదే, ఇక అడగడానికేం ఉండదు.

రాష్ట్రంలో సేకరించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. మరో 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. వేలిముద్ర వేయడం తప్పేమీ కాదు. అయితే, చదవలేని అమ్మకు ఏ కాగితం మీదైనా అర్థమయ్యేది బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మే తప్పుదారి పట్టిస్తే ఇక సమ్మతి ఎక్కడిది?

కొందరు బాలికల మరణాలపై దుమారం రేగి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకూ టీకాకూ బహుశా సంబంధం లేదని విచారణ తేల్చింది. టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినదే. కానీ 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక, ఒక విదేశీ ప్రైవేటు సంస్థ పనికి మిషన్ లోగో వాడటం వల్ల ఆ మిషన్ పరువే దెబ్బతిన్నదని ఎత్తిచూపింది.

ఇలా విదేశీ సంస్థలు నాలుగైదు దేశాల్లో ఒకేసారి నడిపే అధ్యయనానికి సొంతంగా ఒక పేరు, ఒక గుర్తు కావాలి, కాదనలేం. సాధారణంగా ఒక భూగోళం, రెండు చేతులు, నవ్వే పిల్ల ముఖం గీసి పని అయిందనిపిస్తారు. ఇది పరిశోధన అన్న సంగతి మాత్రం ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు.

రెడ్‌క్రాస్ గుర్తుకు 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కాపలా కాస్తోంది. అనుమతి లేకుండా డాక్టర్లు కూడా దాన్ని బోర్డుల మీద వేసుకోకూడదు. సర్కారు ఆరోగ్య లోగోల విషయంలోనూ అంత పట్టుదల ఉండాలి. డబ్బు పెట్టినవారి పేరు, ‘ఇది పరిశోధన, వద్దనవచ్చు’ అన్న మాట పిల్లలకు ఇచ్చే కార్డు మీద తెలుగులో లోగో అంత పెద్దగా అచ్చువేయాలి. ముందుగా ఏదైనా కోయ గూడెంలో తల్లులకు ఆ కార్డు చూపించి, ఇది ఎవరిదని వాళ్ల భాషలోనే అడగాలి. ఆ జవాబులు ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఎక్కువమంది ‘సర్కారుది’ అంటే కార్డు మళ్లీ గీయించాలి, ఆ అచ్చు ఖర్చు స్పాన్సరే భరించాలి.