తుపాకులు దిగుతున్న బస్తర్‌లో వేదికపై వేటు

బస్తర్‌లో సాయుధ పోరు చివరి దశకు చేరింది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు 2025 మే 21న నారాయణ్‌పూర్ జిల్లా అడవుల్లో భద్రతా బలగాల చేతిలో మరణించారు. అదే ఏడాది అక్టోబరు 17న జగ్‌దల్‌పూర్‌లో 210 మంది లొంగిపోయారు. తుపాకీ పట్టని ఆదివాసీ తన గోడు ఎక్కడ చెప్పుకోవాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 అక్టోబరులోనే అలాంటి ఒక వేదికను మూసేసింది. మూలవాసీ బచావో మంచ్‌ను 2005 నాటి ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద ఏడాదిపాటు చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. అభివృద్ధి పనులను, భద్రతా శిబిరాలను వ్యతిరేకిస్తూ ప్రజలను రెచ్చగొడుతోందన్నది ఆరోపణ.

ఈ మంచ్ సిల్గేర్ ఆందోళనలోంచి పుట్టింది. సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దులోని ఆ ఊళ్లో 2021 మే 17న సీఆర్‌పీఎఫ్ శిబిరాన్ని నిరసిస్తున్న జనంపై కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. గుంపులో మావోయిస్టులు ఉన్నారని పోలీసులు చెప్పారు. మృతులు సాధారణ గ్రామస్థులేనని ఊరివాళ్లు అన్నారు. ఆ తరవాత నెలల తరబడి సాగిన ధర్నాను ఆదివాసీ యువత ముందుండి నడిపింది.

ప్రభుత్వ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ప్రజాసంఘాలను మావోయిస్టులు వాడుకున్న చరిత్ర ఉంది. శిబిరాల వెంటే రోడ్లు, సెల్ టవర్లు వచ్చిన మాటా నిజమే. అయితే, నిధులో ఆయుధాలో అందించినవారిపై కేసు పెట్టడానికి ఉపా చట్టం ఉండనే ఉంది. నిషేధం పని వేరు. సభ్యత్వమే, సమావేశానికి వెళ్లడమే నేరమవుతుంది; మూడేళ్ల వరకు జైలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. మమ్మల్ని అడగండి అనడం నేరమెలా అవుతుంది?

తెలుగు నేలకు ఈ అనుభవం కొత్త కాదు. 2005 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరసాన్ని నిషేధించింది. తగిన కారణం లేదని సలహా మండలి తేల్చడంతో నవంబరులో వెనక్కి తగ్గింది. 2021లో తెలంగాణ 16 సంఘాలను నిషేధించి, హైకోర్టులో సవాలు ఎదురయ్యాక జూన్‌లో ఉత్తర్వులను ఉపసంహరించుకుంది. రెండుసార్లూ కొంప మునిగిందేమీ లేదు.

చైనా 2017 నుంచి విదేశీ స్వచ్ఛంద సంస్థల నమోదును పోలీసు యంత్రాంగానికి అప్పగించింది. అక్కడ సంఘమంటేనే అనుమానం. మన రాజ్యాంగంలోని 19వ అధికరణ సంఘం పెట్టుకోవడాన్ని హక్కుగా గుర్తించింది.

బస్తర్‌లో శిబిరాల తరవాత ముందుకొచ్చేవి గనులు, భూముల తగాదాలే. వాటిని మాట్లాడుకునే చోటు లేకుండా చేస్తే బలగాలు ప్రాణాలొడ్డి సాధించినది నిలవదు. నేరం చేసినవారిపై సాక్ష్యాలతో కేసులు నడపాలి, శిబిరాలపై అభ్యంతరాలను గ్రామసభలో వినాలి. భద్రత కోణంలో చూసినా ప్రభుత్వానికి ఇదే మేలని నా అభిప్రాయం.