మనవాడైనా పరాయివాడైనా... చూడాల్సింది ప్రవర్తనే

ఆఫీసులో పై అధికారి వేధిస్తున్నాడని ఇంట్లో చెబితే మొదట వచ్చే ప్రశ్న, "ఆయన ఏ భాషవాడు?" బెంగళూరు, చెన్నై, ముంబయి, బరంపురంలలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది అలవాటైన మాటే. పరాయివాడైతే తెలుగువాళ్లంటే గిట్టదంటాం. మనవాడైతే సర్దుకుపొమ్మంటాం. రెండు జవాబుల్లోనూ అసలు సంగతి పక్కకు పోతోంది.

2002లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు డెల్‌రాయ్ పాల్‌హస్, కెవిన్ విలియమ్స్ మూడు గుణాలను కలిపి ‘డార్క్ ట్రయాడ్’ అని పేరు పెట్టారు. తనంతవాడు లేడనుకునే నార్సిసిజం, పని గడుపుకోవడానికి ఎవరినైనా పావుగా వాడుకునే మాకియవెల్లియనిజం, ఎదుటివారి బాధ పట్టని సైకోపతీ. ఇవి కొందరికి ఉండి మిగతావారికి లేని జబ్బులు కావు. అందరిలోనూ ఎంతో కొంత ఉంటాయి.

మరి కొన్ని వర్గాల్లో ఎక్కువా? 2015లో అచ్చయిన ఒక పెద్ద విశ్లేషణ 4.75 లక్షల మందికి పైగా వివరాలు చూసింది. నార్సిసిజంలో మగవారి సగటు ఆడవారికంటే ఎక్కువే, కానీ తేడా పెద్దది కాదు. వయసు పెరిగేకొద్దీ ఈ గుణం సాధారణంగా తగ్గుతుంది. ఈ గుణాలు పనిచోట ఎంత చెడు చేస్తాయన్నది చేతిలోని అధికారం, చుట్టూ ఉన్న సంస్కృతిని బట్టి మారుతుందని 2012 నాటి మరో విశ్లేషణ చూపింది. కాబట్టి సగటు చూసి ఒక మనిషిని అంచనా వేయలేం. అతన్ని అడిగేవారున్నారా లేదా అన్నది మాత్రం చూడగలం.

ఇలాంటివారు పైకెలా వస్తారు? అమెరికా కార్పొరేట్ సంస్థల్లోని 203 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. సైకోపతీ మార్కులు ఎక్కువున్నవారికి మాటతీరులో, వ్యూహంలో మంచి పేరు వచ్చింది. జట్టుతో కలిసి పనిచేయడంలో, బాధ్యతలో తక్కువ మార్కులు పడ్డాయి. అంటే ఇంటర్వ్యూ గదిలో మెరిసే గుణమే సీట్లో కూర్చున్నాక కింది వారికి భారమవుతుంది.

మైనారిటీగా బతికే మనకు ఇక్కడ ఇంకో చిక్కుంది. ఊరివాడి సిఫారసుతో ఉద్యోగం, అతని పూచీతో అద్దె ఇల్లు, అదే పరిచయంతో పెళ్లి సంబంధం. అలాంటివాడే పై అధికారై నోరు పారేసుకుంటే, ఫిర్యాదు చేసినవారే సంఘంలో చెడ్డవారవుతారు. పరాయి ఊళ్లో అండగా నిలిచిన బంధమే అప్పుడు నోరు కట్టేస్తుంది.

చట్టం కొంత దారి చూపుతోంది. 2013 చట్టం ప్రకారం 10 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 మంది, ఆపైన కార్మికులున్న సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలంటోంది. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. అయితే మేనేజర్లు ఆ కోడ్ చెప్పే కార్మికుల లెక్కలోకి రారు.

అందుకే మేం కోరేది ఒక్కటే. ఎవరికీ ‘సైకో’ అని ముద్ర వేయొద్దు. ఏ తేదీన, ఎవరి ముందు, ఏమన్నారో రాసి పెట్టుకోండి. మెయిళ్లు, మెసేజ్‌లు దాచండి. మన సంఘాల పెద్దలు కూడా "మనవాడే కదా" అని రాజీకి కూర్చోబెట్టే ముందు, ఆ కాగితం చదవాలి.