కూలర్ ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టకండి!

వనపర్తి అక్కలారా, అన్నలారా!

ఇంటికి పోగానే కూలర్ ప్లగ్గు పీకి చూడండి. పిన్నులు మూడున్నాయా, రెండేనా? లేక ప్లగ్గే లేకుండా రెండు తీగల కొసలు సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కారా?

కూలర్ ముట్టుకుని మనిషి పోయిన వార్త లేకుండా మన తెలంగాణలో ఎండాకాలం గడవదు. ఇనుప రేకు డబ్బా, లోపల నీళ్ళు, కింద తడి నేల, కాళ్ళకు చెప్పుల్లేవు. పంపు తీగ తొడుగు ఒక్కచోట చినిగి రేకుకు తగిలితే డబ్బా అంతా కరెంటే. అది భూమిలోకి పోవడానికి దారి వెతుక్కుంటుంది. పచ్చ తీగ, అంటే ఎర్త్, ఉంటే ఆ దారిన పోతుంది. లేకపోతే నీళ్ళు పోయడానికొచ్చిన చేయి కోసం కాచుకుని ఉంటుంది.

ఆ పచ్చ తీగ కోసమే మూడో పిన్ను. మన ఆరు ఆంపియర్ల ప్లగ్గులో కింది రెండు పిన్నుల మందం దాదాపు 5 మిల్లీమీటర్లు, పైదానిది 7. లావుగా చేసింది ఫేజు బొక్కలో దూరకుండా. పొడుగ్గా చేసింది పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలడానికి, పీకేటప్పుడు అన్నిటికన్నా చివర వదలడానికి. కరెంటు రాకముందే కాపలా వస్తుందన్నమాట. మనం ఆ కాపలావాణ్ణే కటింగ్ ప్లయరుతో విరిచి, టూపిన్ సాకెట్లో గుచ్చుతున్నాం!

నిజానికి ఇది ఇంగ్లిషువాళ్ళ పాత ప్లగ్గు. వాళ్ళు మన దేశం వదిలిన 1947లోనే తమ ఇళ్ళకు కొత్తది తెచ్చుకున్నారు: పలక పిన్నులు, ప్లగ్గు లోపలే ఫ్యూజు. వాళ్ళ సాకెట్లో పొడుగు ఎర్త్ పిన్ను ముందు దూరితేనే మిగతా రెండు బొక్కల మూతలు తెరుచుకుంటాయి. దాన్ని ఆలోచించిన కమిటీలో ఒకే ఒక్క మహిళ ఉంది, కరోలిన్ హాస్లెట్ అనే ఇంజినీరు. జర్మనీ ప్లగ్గుకు పిన్నులు రెండే, కానీ ఎర్త్ పట్టీలు పక్కల నుంచి తగులుతాయి. అమెరికాలో కరెంటు 120 వోల్టులే, అయినా చాలా రేకు బాడీ సామాన్లకు మూడో పిన్ను ఉంటుంది. మనది 230 వోల్టులు. ఆకారం దేశానికొకటి, ఎర్త్ ముందు తగలాలన్న మాట మాత్రం అందరిదీ ఒకటే.

దుబాయి నుంచి తెచ్చిన ఇస్త్రీపెట్టెకు పలక పిన్నులుంటాయి. అది మన సాకెట్లో పట్టదని ప్లగ్గు కోసేసి ఉత్త తీగలు గుచ్చకండి, మన త్రీపిన్ ప్లగ్గు వేయించండి. అమెరికా పిల్లలు తెచ్చిన సామాను 120 వోల్టులదైతే అడాప్టరు పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీ తగ్గించదు. పెట్టిన నిమిషంలో కాలి వాసనొస్తుంది. ఫోన్ చార్జర్ సంగతి వేరు. దాని ఒళ్ళంతా ప్లాస్టిక్కే, రెండు పిన్నులు చాలు.

మూడు పిన్నులూ ఉండి గోడలో పచ్చ తీగ లేని ఇళ్ళూ తక్కువేమీ కాదు. వైరింగు పనికి పోయినచోట నేను సాకెట్ విప్పి చూపిస్తే ఓనర్లే నోరు తెరుస్తారు. కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. ఇంటి ఎర్త్ గుంతలో ఎండాకాలం బిందెడు నీళ్ళు పోస్తూ ఉండండి, మట్టి ఎండితే కరెంటు సరిగా దిగదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు పక్కదారి పడితే రెప్పపాటులో అదే కట్ చేస్తుంది. కిరాయికిచ్చే ఇళ్ళ ఓనర్లారా, ఇది మీకే ముందు చెప్పాలి.

కూలర్లు చేసి అమ్మే అన్నలారా, మూడు తీగల వైరే వేయండి, పచ్చ తీగ రేకుకు బోల్టుతో బిగించండి, ఐఎస్ఐ గుర్తున్న త్రీపిన్ ప్లగ్గు మీరే పెట్టివ్వండి. బేరంలో వంద ఎక్కువ అడగండి, ఇస్తాం.

మన వనపర్తి ప్యాలెస్‌లో చదివే పాలిటెక్నిక్ పిల్లలారా, ఐటీఐ తమ్ముళ్ళారా, మీ వాడలో ఒక్కొక్కరు పది ఇళ్ళ కూలర్లు చూడండి. అగ్గిపుల్లలు కనబడితే మెయిన్ ఆపి అక్కడే పీకేయండి.

అమ్మా, నీళ్ళు పోసే ముందు స్విచ్ ఆపితే చాలదు. కొన్ని బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది, ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకి, చెప్పులేసుకుని, అప్పుడు పోయండి.

ఇట్లు,
మీ ఊరి వైరింగు పనివాడు